సుగుణ పెళ్ళీ, నా ఉర్దూ

టీ చల్లారనివ్వకండి, తాగుతూ వినండి. "రూత్ టీచర్‌కి ఉర్దూ భలే వచ్చు, మోండా మార్కెట్లో బేరమాడాలంటే ఆవిడే రావాలి" అంటుంటారు కదా మీరంతా? ఆ ఉర్దూతోనే నేను మా చెల్లెలి పెళ్ళి ఆపేశాను! అవునండీ, నేనే. రజాకార్లు కాదు, మిలిటరీ కాదు, కర్ఫ్యూ కాదు. బాపట్లలో పుట్టి, కూరగాయల బండి దగ్గర నేను నేర్చుకున్న ఉర్దూ!

పోయిన నెల్లో అయిందిగా పెళ్ళి, కేకు కూడా తిన్నాం అంటారా? తిన్నారు. అది రెండోసారి. మొదటిసారి ఏం జరిగిందో మీకు సరిగ్గా తెలీదు, మా ఇంట్లో ఎవరూ బయట చెప్పుకోలేదు. నవ్వకండి కమలమ్మగారూ. మీరు నవ్వితే నాకూ నవ్వొస్తుంది. ఇందులో నవ్వాల్సినంత ఏమీ లేదు.

సుగుణ మా బాబాయి కూతురు, నర్సు. బాబాయి రైల్వే గార్డు, చిలకలగూడలో ఇల్లు. మా పిన్ని పోయాక దానికి జడలేసింది, చదివించింది, తిట్టింది, అన్నీ నేనే. కాబట్టి పెళ్ళి పెత్తనం కూడా నాదే. పెత్తనమంటే మామూలు పెత్తనమా! పాటలు నేనే, పూలు నేనే, కేకు నేనే, గుడికి డెకరేషన్ నేనే. పెళ్ళికూతురు నోరు తెరిస్తే "నువ్వూరుకోవే, నీకేం తెలుసు" అనేదీ నేనే.

అబ్బాయి పేరు దానియేలు. మెదక్ వైపు వాళ్ళు. ముషీరాబాద్‌లో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. వాళ్ళమ్మ శాంతమ్మగారూ తనూ అక్కడే ఒక గల్లీలో అద్దెకుంటారు. నెమ్మదైన మనిషి. సూది గుచ్చేటప్పుడు పేషెంటు కంటే ముందు తనే "అబ్బా" అనే రకం. సుగుణ అతన్ని ఇష్టపడే చేసుకుంటోంది. పైకి చెప్పదు గానీ, అతను వస్తున్నాడంటే పొద్దుటే తలంటుకునేది.

ఇక రోజులెలాంటివో మీకు నేను చెప్పాలా? పోలీసు యాక్షన్‌కి ముందు. ఉప్పు దొరకదు, కిరసనాయిలు దొరకదు. ఆ రజాకార్ల లారీ వీధి చివర కనబడితే చాలు, తలుపులు ధడధడా పడిపోయేవి. జిల్లాల్నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు చెప్పేవి వింటే రాత్రి అన్నం సయించేది కాదు. మా వీధిలో సగం ఇళ్ళకి తాళాలు. అందరూ బెజవాడ బండెక్కేస్తున్నారు. బాబాయి కూడా తేల్చి చెప్పేశాడు.

"రూతూ, శనివారం పెళ్ళయిందా, పిల్లని దానియేలు చేతిలో పెడతాను. ఆ తర్వాత వాళ్ళిద్దరి బతుకు వాళ్ళది. కాలేదా, దీన్ని తీసుకుని బెజవాడ పోతాను. పెళ్ళికాని పిల్లని పెట్టుకుని ఈ ఊళ్ళో ఒక్క పూట ఉండను. ఆ సంబంధం మాట మళ్ళీ నా దగ్గర ఎత్తొద్దు."

బాబాయి అటు వెళ్ళగానే సుగుణ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, శనివారం అయిపోవాలక్కా" అంది. "ఎందుకవదే? నేనున్నాగా!" అన్నాను. ఆ నేనుండటంతోనే కదా అసలు చిక్కంతా.

మొదట డెకరేషన్ సంగతి. మా గుడి గోడలు సున్నం వేసి ఎన్నేళ్ళయిందో, పెళ్ళికి కాస్త కళగా ఉండాలని నా ప్లాను. రంగు కాయితాలు తెప్పించి, గొలుసుల్లా కత్తిరించి, బల్లల మీదుగా వేలాడదీయాలని. బంతిపూల రంగు ఒకటి, మల్లెపూల రంగు ఒకటి, మరువం రంగు ఒకటి. దండలకి మ్యాచింగు! దానియేలుతో చెప్పాను. "చూడు బాబూ, నువ్వు జనరల్ బజార్ మీదుగానే వెళ్తావుగా, నారింజ, తెలుపు, ఆకుపచ్చ కాయితం చుట్టలు కొని ఇంట్లో పెట్టుకో, నేనొచ్చి తీసుకుంటా" అన్నాను.

అతను తల గోక్కున్నాడు. "గా మూడు రంగులేనా వదినా? జెర పసుపు సుత పెట్టుకోరాదా?"

"పసుపొద్దు. ఆ మూడే. ఇంకేం మార్చకు" అన్నాను.

"సరే వదినా, గట్లనే తెస్త" అని వెళ్ళిపోయాడు. పెళ్ళికూతురి అక్క మాట కాదనలేక!

చూశారా, కమలమ్మగారు కప్పు కింద పెట్టేశారు. ఏమన్నారూ?

"ఏందీ టీచరమ్మా! గా మూడు రంగులా? ఆ రోజులల్లనా? జెండా రంగులు గావా అవి?"

జెండా రంగులే! మీకు ఇట్టే తట్టింది. నాకు తట్టలేదు. ఆ యూనియన్ జెండా ముక్క చేతిలో కనబడితే చాలు, మనిషిని పట్టుకుపోతున్న రోజులు. నా బుర్రలో బంతిపూలు తప్ప ఏమీ లేవు. అతను చంకలో ఆ చుట్టలు పెట్టుకుని ముషీరాబాద్ రోడ్డు మీద నడిచిపోతుంటే నిజాం పోలీసులు ఆపారు. "ఇదేంటి?" అన్నారు. "పెండ్లికి" అన్నాడు. నమ్ముతారా? నేనైనా నమ్మను.

ఇదంతా ఆ తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, అబ్బాయి కనిపించడం లేదు. బుధవారం సుగుణతో కలిసి పాస్టరుగారి దగ్గరికి రావాలి, రాలేదు. గురువారం ఉంగరం కొలతకి రావాలి, రాలేదు. డాక్టరుగారేమో ఊరొదిలి వెళ్ళిపోయారు, డిస్పెన్సరీ మూసేశారు, అక్కడ అడుగుదామన్నా మనిషి లేడు. శుక్రవారం నేనే జట్కా మాట్లాడుకుని బయల్దేరాను. బాబాయి వద్దన్నాడు. "నాకు ఉర్దూ వచ్చు బాబాయ్, నాకేం భయం!" అన్నాను.

గల్లీలోకి వెళ్ళి చూద్దును కదా, తలుపుకి ఇంత తాళం. వేరేవాళ్ళెవరైనా అయితే ఇంట్లో ఎవరూ లేరనుకుంటారు. నేను తెలివైనదాన్ని కదా! ఆ రోజుల్లో బయట తాళం వేయించుకుని లోపల బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్ళు మా వీధిలోనే రెండిళ్ళవాళ్ళు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి మంచినీళ్ళు అందించేవారు. ఇదీ అదే బాపతు అనుకున్నాను.

పక్కిల్లు దర్జీది. యూసుఫ్ అని, దానియేలు ఈడువాడే. దానియేలు పెళ్ళి సూటు కుడుతున్నదీ అతనే. అతని తల్లిని ఆ గల్లీలో అందరూ ఖాలా అంటారు, అంటే పిన్ని అన్నమాట. ఆవిడ పరదా కొంచెం జరిపి నన్ను చూసింది. నేను నా ఉర్దూ తీసి, దానియేలు ఎక్కడని అడిగాను.

"దానియేల్ కిధర్ హై, ఖాలా?"

"అందర్ హై, బేటీ" అంది గుసగుసగా.

అందర్ అంటే లోపల. ఈ మాత్రం రాదా నాకు! చూశారా, నేననుకున్నదే! "ఔర్ ఉన్కీ అమ్మా?" మరి వాళ్ళమ్మో అన్నాను.

"వో భీ ఉధర్‌చ్ హై."

ఆవిడ కూడా అక్కడే. అంటే తల్లీకొడుకులిద్దరూ లోపలే ఉన్నారు. నా మనసు కుదుటపడింది. "బాహర్ కబ్ ఆతా?" బయటికెప్పుడొస్తాడని అడిగాను.

ఆవిడ నుదురు కొట్టుకుంది. "ఖుదా జానే. ఆజ్‌కల్ జో అందర్ గయా, వో బాహర్ కబ్ ఆతా బేటీ?"

ఈ రోజుల్లో లోపలికి పోయినవాడు బయటికెప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి అని. నిజమే కదా అనుకున్నాను! మా బాబాయి కూడా డ్యూటీ నుంచి ఇంట్లోకొచ్చాడంటే మళ్ళీ గుమ్మం దాటేవాడు కాదు. ఇంకొక్కటి అడిగి పోదామని "తబియత్ అచ్ఛీ హై?" ఒంట్లో బాగుందా అన్నాను. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని "అల్లా రహమ్ కరే" అంది. దేవుడి దయవల్ల బాగున్నాడన్నమాట అనుకున్నాను! దయ చూపాలి అనడం వేరు, చూపాడు అనడం వేరు. ఐదో క్లాసు పిల్లలకి వ్యాకరణం చెప్పేదాన్ని నేను!

గల్లీ మూల ఒకడు బీడీ కాలుస్తూ మావైపే చూస్తున్నాడు. ఖాలా చటుక్కున పరదా వేసేసింది. పాపం, ఘోషా మనిషి కదా, మొగవాడు కనబడితే అంతే అనుకున్నాను.

ఇప్పుడు అసలు ఘట్టం. నేను ఆ తాళం వేసిన తలుపు దగ్గరికి వెళ్ళి, సందులో నోరు పెట్టి మాట్లాడాను. మీ దగ్గర దాచేదేముంది! "బాబూ దానియేలూ, నేను, వదినని. తలుపు తియ్యక్కర్లేదు, నాకంతా తెలుసు. రేపు పొద్దున తొమ్మిదింటికల్లా గుడికి వచ్చెయ్యి. జట్కా పంపిస్తాను. కాయితాలు మర్చిపోకు. సరేనా?"

లోపల ఏదో గిన్నె కదిలిన చప్పుడైంది. సరేనన్నాడనుకున్నాను.

పిల్లి! పిల్లండీ!

ఇంటికి రాగానే సుగుణ గుమ్మంలోనే ఉంది. "ఉన్నాడా అక్కా?"

"ఉన్నాడు, నిక్షేపంగా ఉన్నాడు."

"మాట్లాడావా?"

"మాట్లాడాను. సరేనన్నాడు" అన్నాను.

అది అక్కడే గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. దాని మొహంలోకి రక్తం రావడం నేను చూశాను. ఆ మొహం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

శనివారం గుడి నిండింది. ఊళ్ళో మిగిలినవాళ్ళందరూ వచ్చారు. సంతోషంగా ఒక గంట కూర్చోడానికి మరో చోటు లేక వచ్చారనుకుంటాను. తెల్లచీర, ముసుగు, చేతిలో పూలగుత్తి, సుగుణ ఎంత బాగుందో! హార్మోనియం ముసలాయన తనకొచ్చిన పెళ్ళి పాటలన్నీ అయిపోగొట్టాడు. పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. తర్వాత క్రిస్మస్ పాటలు వాయించాడు. ఆ తర్వాత ఏం వాయించాలో తోచక, సమాధుల దగ్గర పాడే పాట ఎత్తుకున్నాడు. ఎవరో వెళ్ళి చెయ్యి పట్టుకుని ఆపారు. నేను పంపిన జట్కావాడు ఖాళీగా తిరిగొచ్చాడు. "తాళం ఉన్నదమ్మా. పిలిస్తే ఎవ్వరు పలుకలే" అన్నాడు.

బాబాయి నా దగ్గరికి వచ్చాడు. "నిజం చెప్పు. నువ్వు స్వయంగా మాట్లాడావా?"

"మాట్లాడాను బాబాయ్."

"ఏమన్నాడు?"

తలుపుతో మాట్లాడానని అంతమంది ముందు ఎలా చెప్పను? "వస్తానన్నాడు" అన్నాను.

సుగుణ విన్నది. చేతిలో పూలు బల్ల మీద పెట్టింది. గొంతు పెంచలేదు. "ఒళ్ళు బాగుండి, ఇంట్లోనే ఉండి, వస్తానని చెప్పి రాలేదంటే నేను వద్దనే కదా అక్కా. ఆ మాట మొహం మీద చెప్పినా బాగుండేది" అంది. ముసుగు తనే తీసేసుకుంది. జనం దారిచ్చారు. జైల్లో ఉన్నాడని తెలిస్తే ఈ పిల్ల ఎన్నాళ్ళయినా కాసుక్కూర్చునేది. నేను ఇంట్లో ఉన్నాడని చెప్పి దాని గుండె విరగ్గొట్టాను.

ఆ రాత్రే బాబాయి పెట్టెలు కట్టాడు. ప్రధానంలో దానియేలు వాళ్ళు పెట్టిన ఉంగరం సబ్బుపెట్టెలో పెట్టి నాకిచ్చింది సుగుణ. "వాళ్ళకిచ్చెయ్యి. ఇంక అతని పేరు నా దగ్గర ఎత్తకు."

బెజవాడ వెళ్ళేవారే. స్టేషన్‌కి వెళ్తే రైళ్ళు బందు! యూనియన్ సైన్యం వస్తోందట. ఆ నాలుగైదు రోజులు మీకూ తెలుసు, కిటికీలకి దుప్పట్లు కట్టుకుని, విమానం మోత వినబడితే మంచాల కింద దూరి ప్రార్థనలు చేసుకోవడం. మా ఇంట్లో మాత్రం ఒక మంచం కింద బాబాయీ నేనూ, ఇంకో మంచం మీద సుగుణ. "కిందకి రావే" అంటే రాదు. "పడితే పడనీ" అంటుంది. నేను ఏ బాంబుకి భయపడ్డానో గానీ, దాని ఆ మాటకి మాత్రం వణికిపోయాను.

తర్వాత అంతా అయిపోయింది. సైన్యం ఊళ్ళోకి వచ్చింది, జనం రోడ్ల మీదకొచ్చి జైకొట్టారు, జైళ్ళలోంచి మనుషుల్ని వదిలేశారు.

ఒక మధ్యాహ్నం తలుపు తట్టారు. తీసి చూస్తే శాంతమ్మగారు. ఆవిడ వెనకాల ఎవరో గడ్డం మనిషి. గుర్తుపట్టడానికి నాకు కాసేపు పట్టింది. దానియేలు! చొక్కా లోపల మనిషి సగమయ్యాడు. కుడిచెయ్యి పాతగుడ్డతో కట్టి ఉంది.

సుగుణ లోపల్నుంచి చూసి ధడాలున గది తలుపు వేసేసుకుంది. "ఇప్పుడెందుకొచ్చాడో అడుగక్కా! ఇంట్లో కూర్చున్నవాడికి ఇప్పటికి తీరిందా?"

దానియేలు నావైపు చూశాడు. "ఇంట్ల కూసున్ననా? ఎవరన్నరు వదినా?"

"మీ పక్కింటి ఖాలా చెప్పింది కదయ్యా! అందర్ హై అని..."

అప్పుడు శాంతమ్మగారు అక్కడే నేల మీద కూలబడి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో బిడ్డా! అందర్ అంటే జైలుల ఉన్నడని! పోలీసులు తీస్కపోయినోన్ని అందర్ ఉన్నడనే అంటరు గద! నీకు ఉర్దూ వస్తదంటివి?"

ఇదుగో, కమలమ్మగారు అదే అంటున్నారు. "జెర నన్నడగరాదా టీచరమ్మా, నిమిషంల చెప్తుంటి!" అని. ఎందుకడుగుతానండీ? వచ్చని కదా నా ధీమా! మనవైపు కూడా "లోపలేశారు" అనమా? అంటాం. ఆ మాటే ఉర్దూలో వింటే మాత్రం నాకు నిఘంటువు అర్థమే తట్టింది.

శాంతమ్మగారు చెప్పుకుంటూ పోయింది. "మీకు చెప్తే పిల్లనియ్యరేమో అని భయపడ్డ. రేపు ఇడుస్తరు, ఎల్లుండి ఇడుస్తరు అనుకున్న. పొద్దంతా జైలు గేటుకాడనే కూసున్న, రాత్రి అల్వాల్‌ల మా చెల్లె ఇంటికి పోయిన. నాకు ఉర్దూ మంచిగ రాదు. యూసుఫే రోజు మిషిని బంద్ పెట్టి నా ఎంబడి వచ్చిండు. టిఫిన్ పట్టుకొచ్చిండు, గేటుకాడ వాల్లతోని మాట్లాడిండు, తిట్లు సుత తిన్నడు. కన్నకొడుకు లెక్క చేసిండు బిడ్డా."

దానియేలు మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. "రంగు కాయితాలు గుంజుకున్నరు వదినా. ఇయ్యలే" అన్నాడు, అదేదో తన తప్పయినట్టు. నేను గదిగుమ్మం దగ్గరికి పోయి, ఈసారి తలుపు అవతల మనిషుందని రూఢి చేసుకుని, జరిగిందంతా చెప్పాను. తాళం, పిల్లి, గిన్నె చప్పుడు, వస్తానన్నాడని నేను ఆడిన అబద్ధం, అన్నీ. సుగుణ గడియ తీసింది. నన్ను దాటుకుని వెళ్ళి, అతని చేతికట్టు విప్పి చూసింది. నర్సు కదా. చూసి, మళ్ళీ మెల్లగా కట్టింది. "ఈ రెండు వేళ్ళూ ఇక వంగవు" అని మాత్రం అంది.

నా బంతిపూల మ్యాచింగుకి ఆ రెండు వేళ్ళు పోయాయి.

రెండోసారి పెళ్ళికి నన్ను పెత్తనం నుంచి తీసేశారనుకున్నారా? తీసేశారు. కాయితాల పని మాత్రం నేనే పట్టుబట్టి పెట్టుకున్నాను, తెల్లకాయితం చాలని సుగుణ షరతు. జనరల్ బజార్‌కి వెళ్తే షాపువాడు ఏమన్నాడో తెలుసా? "ఏ రంగన్నా అడుగమ్మా, ఆ మూడు రంగులు తప్ప. జెండాలకు ఒక్క చుట్ట మిగలకుండ కొనుక్కపోయిన్రు" అన్నాడు! అతన్ని చావగొట్టించిన కాయితం, నెల తిరిగేసరికి ఊరంతా చేత్తో ఊపుకుంటూ తిరిగింది. గుమ్మం దగ్గర దండ అందించబోతే దానియేలు ఒకడుగు వెనక్కి వేశాడు. బంతి, మల్లె, మరువం! అలవాటుగా అవే చెప్పి కట్టించానండీ! "వదినా, నన్ను మల్ల లోపలేయించేటట్టే ఉన్నవు" అన్నాడు. అందరూ నవ్వారు. శాంతమ్మగారు మాత్రం నవ్వలేదు.

పాస్టరుగారు ప్రార్థన చేసి తాళి ఇచ్చారు. దానియేలు సుగుణ మెడ వెనక్కి చేతులు పోనిచ్చాడు, వేళ్ళు వంగవు, దారం జారిపోతోంది. ఒకసారి, రెండుసార్లు. సుగుణ తల దించుకునే, ఎడంచెయ్యి వెనక్కి పెట్టి దారం కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి ముడేశారు. ఆ ముడి చూసి బాబాయి ఏడ్చాడు. నేను ఏడ్చిన ఏడుపు హార్మోనియంలో కలిసిపోయింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. పెళ్ళిలో వెనక బల్ల మీద ఖాలాకీ యూసుఫ్‌కీ అని చోటు ఉంచాం. దానియేలు పోయి పిలిచొచ్చాడు, వస్తామన్నారు. యూసుఫ్ సూటు కుట్టి పెళ్ళికి ముందే ఇచ్చాడు. మనిషి సగమయ్యాడని చూసి, దాన్నంతా విప్పి మళ్ళీ కొత్త కొలతకి కుట్టాడు. పెళ్ళి రోజు మాత్రం ఇద్దరూ రాలేదు. కొత్త దంపతులు విందుకి అల్వాల్ వెళ్ళారు. నేను మర్నాడు కేకు ముక్కలు డబ్బాలో సర్దుకుని ముషీరాబాద్ వెళ్ళాను. ఎందుకు రాలేదని దెబ్బలాడదామనే వెళ్ళాను.

ఖాలా తలుపు తెరిచే ఉంది. ఆవిడ గడపలో కూర్చుని ఉంది. పరదా లేదు, దేనికీ పట్టింపు లేనట్టు ఉంది.

"యూసుఫ్ కిధర్ హై, ఖాలా? షాదీకి రాలేదేం?" అన్నాను, సగం ఉర్దూ సగం తెలుగు.

"అందర్ హై, బేటీ" అంది. అదే గుసగుస.

నేను ఆవిడ భుజం మీదుగా ఇంట్లోకి తొంగి చూశాను! చూశానండీ, నా బుద్ధి అలాంటిది. లోపల మిషను ఉంది. మిషను మీద ఎవరిదో సగం కుట్టిన చొక్కా. మనిషి లేడు. అప్పుడు అర్థమైంది.

రజాకార్లకి ఖాకీ బట్టలు కుట్టాడట. పెళ్ళి రోజు దానియేలు వాళ్ళు గుడికి వెళ్ళాక ఎవరో వేలు పెట్టి చూపించారు, మిలిటరీవాళ్ళు తీసుకుపోయారు. కుట్టాడు, ఎవరు గుడ్డ తెచ్చిస్తే వాళ్ళకి కుట్టాడు. దర్జీ మరేం చేస్తాడు? పోలీసు వచ్చి గుడ్డిస్తే పోలీసుకీ కుట్టాడు, పెళ్ళి సూటు అంటే అదీ కుట్టాడు. ఒకడు కాయితం రంగుకి లోపలికి పోయాడు, ఇంకొకడు గుడ్డ రంగుకి. ఖాలా నా చెయ్యి పట్టుకుని "బాహర్ కబ్ ఆతా, బేటీ?" అని అడిగింది. నేను ఆవేళ గల్లీలో అడిగిన ప్రశ్నే. ఆవిడ చెప్పిన జవాబే ఉంది నా దగ్గర, అది ఆవిడకెలా చెప్పను? కేకు డబ్బా చేతిలో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

అల్వాల్ కబురు పంపితే దానియేలు విందు మధ్యలో లేచి వచ్చాడు. అప్పట్నుంచీ రోజూ క్యారియర్ పట్టుకుని జైలు గేటు దగ్గరికి వెళ్తున్నాడు. శాంతమ్మగారు వండుతుంది, ఖాలా వెంట నడుస్తుంది. "యూసుఫ్ మావాడు, మంచోడు" అని కనబడినవాళ్ళందరికీ చెప్తున్నాడు. ఆ వంగని వేళ్ళు చూపించి మరీ చెప్తున్నాడు. ఎవరూ ఇంకా వినలేదు.

డాక్టరుగారు తిరిగొచ్చి డిస్పెన్సరీ తెరిచారు, ఇవాళ అతనికి అక్కడ డ్యూటీ, అందుకని నా వంతు. ఖాలాని తీసుకుని నేనూ సుగుణా వెళ్ళాలి. అదుగో, మూలనున్న క్యారియర్ ఎవరిదని ఇందాక అడిగారే, అదే. లేస్తాను మరి. గేటు దగ్గర జవాన్లతో ఉర్దూలో మాట్లాడాలి కదా, మన రూత్ టీచర్ ఉంది కదా అనుకుంటున్నారేమో! సుగుణ పొద్దున్నే ఆర్డరు వేసింది. "అక్కా, నువ్వు క్యారియర్ మొయ్యి. నోరు మాత్రం తెరవకు. ఆ అబ్బాయి బయటికి రావాలి."